వెనక గది ఖాళీ చేస్తున్నాను

జనవరి 18, ఆదివారం

నిర్ణయం అయిపోయింది. వెనక గది ఖాళీ చేస్తున్నాను.

కారణం: మా అత్త సత్తవ్వకు మోకాలి ఆపరేషన్. ఫిబ్రవరి మొదట్లో, కరీంనగర్‌లో. తర్వాత నెలన్నర ఆమె మా దగ్గరే ఉండాలి. రేగుంటలో వాళ్ళ ఇంటికి గడప ఎత్తు, మరుగుదొడ్డి పెరటి చివర. సిరొంచలో మా ఇంటి వెనక గదికి ఆనుకునే కమోడ్ ఉన్న బాత్రూమ్ ఉంది. దాన్ని చేరడానికి దారి మాత్రం లేదు. దారి నిండా నా కాగితాలు.

ఆమె కూతురు, నా భార్య వనమాల అంగన్‌వాడీ సేవిక. చిన్నపిల్లలకు చెప్పినట్టే మెల్లగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

“గదిల మంచం పట్టాలె. వాకర్ తిరగాలె. అంతే. ఇంకేం అడుగుతలేను.”

న్యాయమైన మాట. ఒప్పుకున్నాను.

ఆ గదిలో ఉన్నవి: పాత గ్రీటింగ్ కార్డులు, చేత్తో చేసినవి. ఇవే నా ప్రాణం. ఒకవైపు తెలుగు, ఒకవైపు మరాఠీ అచ్చైన పెళ్ళి పత్రికలు. మరాఠీ సర్కారు వారి ఎస్టీ బస్సుల టికెట్లు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు. బీడీ కట్టలకు చుట్టిన కాగితాలు. నది మీద వంతెన లేనప్పటి పడవ చీటీలు. క్యాలెండర్ దేవుళ్ళు. ఇంకా ఉన్నాయి, చెయ్యి నొప్పి పుడుతోంది.

పగలంతా తహసీల్ ఆఫీసు ఎదుట నా జెరాక్స్ దుకాణంలో కాగితాల మధ్య కూర్చుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ కాగితాల మధ్యే కూర్చుంటాను. జనం దీన్ని పిచ్చి అంటారు. చేపలు పట్టేవాడు ఇంటికొచ్చి చేపల కూర తింటే ఎవరూ ఏమీ అనరు.

నియమాలు రెండు. ఇక ఒక్క కాగితం కూడా ఇంట్లోకి రాదు. ఉన్నవి బయటికి పోతాయి.

ఈ డైరీ కూడా పాతదే. ఎవరో బీమా ఏజెంటు వాడకుండా వదిలేసింది. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను. నియమానికి ముందే ఇంట్లోకి వచ్చింది కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

మనసు తేలిగ్గా ఉంది. ఎప్పుడో చేయాల్సిన పని.

జనవరి 19, సోమవారం

పొద్దున్నే పద్ధతిగా మొదలుపెట్టాను. మూడు కుప్పలు. ఉంచేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి.

మధ్యాహ్నానికి ఉంచేవి కిటికీ అంచును తాకాయి. ఇచ్చేవి ఏమీ లేవు, తీసుకునేవాళ్ళు ఎవరో ముందు ఆలోచించుకోలేదు. పారేసేవాటిలో ఒకే ఒక సబ్బు కాగితం. దాన్ని మళ్ళీ ఒకసారి చూశాను. మీద ఉన్న ఆవిడ ముఖం చాలా శాంతంగా ఉంది. తీసి మొదటి కుప్పలో పెట్టాను.

రేపటినుంచి కఠినంగా ఉంటాను.

జనవరి 21, బుధవారం

కఠినంగానే ఉన్నాను. పాత వార్తాపత్రికలు, చిరిగిన క్యాలెండర్లు గోనెసంచి నిండా కుక్కి, స్కూటర్ మీద సమ్మన్న దగ్గరికి తీసుకెళ్ళాను. సమ్మన్నది భంగార్ దుకాణం. పాత ఇనుము, రద్దీ కాగితం కొంటాడు. నా దగ్గరున్నవాటిలో సగం ఆయన దగ్గరినుంచి వచ్చినవే. నేను సంచి దింపుతుంటే నమ్మలేనట్టు చూశాడు.

“ఏంది కాంత్ సేట్, నువ్వు తెచ్చుడా? ఎప్పుడు కొండవోవుడే గద. తబియత్ మంచిగున్నదా?”

“గది ఖాళీ చేస్తున్న సమ్మన్నా. ఇగ కాయితాలు బంద్.”

“బందా?” అని కాసేపు ఆలోచించాడు. “మరి నాగేపల్లి నుంచి వచ్చిన కట్ట నీకోసమే పక్కకు పెట్టిన. ఎవలో మాస్తరు ఇంటిది. ఇగ బంద్ అంటున్నవ్ గద, తూకంల ఏస్త తియ్యి.”

“జర చూపియ్యి. చూస్తనంతే.”

చూశాను. అన్నీ చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డులు. కాగితం మీద ఆకు పెట్టి, సిరాలో ముంచిన పళ్ళ బ్రష్షును దువ్వెన మీద రుద్ది చిలకరించినవి కొన్ని. ఆకు తీసేసిన చోట తెల్లగా ఆకు ఆకారం, చుట్టూ నీలి తుంపర. దారాన్ని రంగులో ముంచి, మడిచిన కాగితం మధ్య పెట్టి లాగినవి కొన్ని. లాగిన చోట పువ్వులా విచ్చుకున్నాయి. ఒక నెమలి ఉంది. దాని ఒళ్ళంతా పెన్సిల్ చెక్కితే వచ్చే పొట్టు. పొట్టు అంచున మిగిలిన రంగే ఈకల అంచు. అలాంటి నెమలిని నేను ఎక్కడా చూడలేదు.

తూకంలో వేస్తాడట.

కట్ట ఇప్పుడు స్కూటర్ డిక్కీలో ఉంది. డిక్కీ ఇల్లు కాదు.

జనవరి 24, శనివారం

మా అమ్మాయి ప్రణాలి నాగపూర్‌లో ఫార్మసీ చదువుతోంది. ఫోన్ చేసింది. వాళ్ళమ్మ అంతా చెప్పినట్టుంది.

“నాయినా, అన్నింటికి ఫొటో తీస్కో. ఫోన్ల ఉంటయ్. అసలుయి పడెయ్యి. మస్తు ఆసాన్.”

పిల్ల తెలివైనది. కాని ఫోన్ తెర మీద కార్డు వేలెడంత కనిపిస్తుంది. అందుకని మంచివన్నీ దుకాణానికి తీసుకెళ్ళి కలర్ జెరాక్స్ తీశాను. రోజంతా పట్టింది. భూమి హక్కుల సాత్‌బారా కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చిన రైతులు వరసలో నిలబడి, మెషినులోంచి నెమళ్ళు బయటికి రావడం చూశారు. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన మాత్రం తన సాత్‌బారా కూడా రంగుల్లోనే కావాలని పట్టుబట్టాడు.

సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. జెరాక్స్‌లో పెన్సిల్ పొట్టు మరకలా పడింది. అసలుది పారేయడం కుదరదు. అలాగని జెరాక్స్ పారేద్దామంటే ఇంత శ్రమపడి తీసినవి.

ఇప్పుడు అన్నీ రెండేసి ఉన్నాయి.

జనవరి 26, సోమవారం

జెండా వందనం అయ్యాక పిల్లలు వదిలేసిన కాగితం జెండాలు రోడ్డు మీద పడి ఉన్నాయి. తొక్కుతారని అన్నీ ఏరి తెచ్చాను. ఇది గౌరవం. సేకరణ కిందికి రాదు.

జనవరి 31, శనివారం

ఇవాళ వనమాల వెనక గది తలుపు తీయబోయింది. తలుపు సగమే తెరుచుకుంది.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. గడప మీదే కూర్చుంది.

“నేనొకటి చెప్త విను. నువ్వేం పరేషాన్ గాకు. అమ్మ దవఖాన నుంచి సీద రేగుంటకే పోతది. నేను సెలవు పెట్టి ఆడనే ఉంట. నీ గది నీకే ఉంటది.”

“గట్లెందుకంటవ్. జర టైమియ్యి.”

“నాకు కోపం లేదు. అమ్మకు నేనొక్కదాన్నే. ఆమె కాలు సక్కగై, మల్ల చేనుకు పోయిందంటె నాకు గదే సాలు. కాయితాలల్లకెల్లి తలకాయెత్తితె నీకు తెలుస్తుండె.”

మాట మామూలుగానే ఉంది. గొంతు మాత్రం చివర్లో సన్నబడింది. ఈమె ఎన్ని రోజులనుంచి భయపడుతోందో నాకు అప్పుడు అర్థమైంది. ఆపరేషన్ గురించి మా ఇంట్లో మంచం, బాత్రూమ్, కారు, దవాఖాన కాగితాలు అన్నీ మాట్లాడుకున్నాం. భయం గురించి మాట్లాడుకోలేదు.

దుకాణం మూసేసి వచ్చాను. సాయంత్రానికి గదికి నాలుగు గోడలూ కనిపించాయి. ఒక గోడకు ఆకుపచ్చ రంగు వేయించిన సంగతే మరిచిపోయాను.

నిజం రాయాలి కదా. కొన్ని కట్టలు దుకాణంలో మెషిను వెనక్కి పోయాయి. కొన్ని సజ్జ మీదికి ఎక్కాయి. మిగిలినవి మంచం కింద ఉన్నాయి. మంచం ఎత్తుగా ఉండాలని డాక్టరు చెప్పాడని కాళ్ళ కింద ఇటుకలు పెట్టాను. కింద చోటు పెరిగింది. అది నా తప్పు కాదు, డాక్టరు సలహా.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అత్తను కారులో వంతెన దాటించి తీసుకొచ్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది. కాలికి కట్టు. దారి పొడవునా పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. ఇంటి ముందు నన్ను చూడగానే, ఆ నొప్పిలోనూ కొంగు తలమీదికి లాక్కుంది.

పెళ్ళైన నాటినుంచి అంతే. ఆమె నాతో నేరుగా మాట్లాడదు. పగ కాదు, మర్యాద. వాళ్ళ వైపు అత్త అల్లుడి ముందు కూర్చోదు. ఆమె మాట ఎప్పుడూ తలుపు చాటునుంచే వస్తుంది. “వనమాలా, అల్లుని ఇంకింత తినుమను.” నేను అక్కడే ఉంటాను. “వనమాలా, సాలని చెప్పు.” ఇన్నేళ్ళుగా మా ఇద్దరికీ వనమాలే టెలిఫోన్.

కాబట్టి ఇప్పుడు ఆ గదిలోకి నేను వెళ్ళలేను. నా కాగితాల మీద అత్త పడుకుంది. నియమం ఇంత గట్టిగా ఎప్పుడూ నిలవలేదు.

ఫిబ్రవరి 9, సోమవారం

అత్త నడవడం లేదు.

రోజూ వాకర్ పట్టుకుని కొంచెం కొంచెం నడవాలని, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. వనమాల పొద్దున బతిమాలింది. సాయంత్రం కోప్పడింది. అత్తది ఒకటే జవాబు.

“నొస్తది బిడ్డా. ఇగ నడిచి నేను ఏడికి పోవాలె?”

“చేనుకు పోవా? మిర్చి ఏరవా?”

“బక్కయ్య ఏరిపిస్తడు తియ్యి.”

బక్కయ్య ఆమె తమ్ముడు. రేగుంటలో పక్కిల్లే.

వనమాల వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు కడిగింది. కడగడానికి అన్ని గిన్నెలు లేవు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. కడిగినవి తుడిచి పెట్టాను.

ఫిబ్రవరి 11, బుధవారం

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాను. వనమాల అంగన్‌వాడీలో ఉంది. వెనక గదిలోంచి గొంతు వినిపించింది.

“ఇంట్ల ఎవలన్న ఉన్నరా? మంచం కింద ఏందో కొరుకుతున్నది.”

ఎలుక. మర్యాద సంగతి మరిచి లోపలికి పరుగెత్తాను. మంచం కింద దూరి కట్టలన్నీ బయటికి లాగాను. ఎలుక తప్పించుకుంది. పెళ్ళి పత్రికల మూలలు పోయాయి, కార్డులు బతికాయి. ఒక్కొక్కటీ నేల మీద పరిచి చూస్తూ కూర్చుండిపోయాను. పైన అత్త ఉందన్న ధ్యాసే లేదు.

“అది చిలుకేనా?”

తలెత్తాను. కొంగు తలమీదే ఉంది. ముఖం మాత్రం ఇటు తిరిగి ఉంది. గదిలో వనమాల లేదు. ఆ మాట నాకే.

“చిలుకనే అత్తా. ఎండిన ఆకు పొడి జేసి అంటిచ్చిర్రు.”

“ఎండిన ఆకు గింత పచ్చగుంటదా?”

“మీదికెల్లి రంగేసిర్రు.”

“ఎవలు?”

“తెల్వది. ఎన్కట ఎవలో పోరడు దోస్తుకు జేసి పంపిండు. కొత్త సంవత్సరానికి.”

ఆమె చేయి చాపింది. ఇచ్చాను. దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

“ఓపికున్న పోరడు,” అంది. కార్డు ఒళ్ళో పెట్టుకుని, “ఇంకున్నయా?”

ఈ ఇంట్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. బయటికెళ్ళి స్కూటర్ డిక్కీ తెరిచాను.

మొదటి నియమం తప్పింది. రోగి అడిగితే కాదనకూడదు. అన్నం చల్లారిపోయింది. దుకాణం ఆలస్యంగా తెరిచాను. పెన్సిల్ పొట్టు నెమలిని అత్త దిండు పక్కనే ఉంచుకుంది.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

కాళేశ్వరం వెళ్ళి వస్తూ రేగుంట చుట్టాలు అత్తను చూడడానికి దిగారు. బక్కయ్య మామ భుజం మీద బియ్యం సంచి ఉంది. అందులో ఉన్నవి బియ్యం కావు.

“అక్క ఫోన్ల చెప్పింది. పండ్లు గిండ్లు వద్దు, పాత కాయితాలుంటె తేండ్లి, అల్లుడు ఏరుకుంటడని. సందుక మొత్తం దులిపి తెచ్చిన.”

తునికాకు కల్లం చీటీలు, ఎప్పటిదో ఎన్నికల కరపత్రం, పసుపు మరకలతో పెళ్ళి పత్రికలు. వెంట వచ్చినవాళ్ళు కూడా తలా ఒక పొట్లం తీశారు. ఎవరి చేతిలోనూ అరటిపండు లేదు.

వనమాల వాళ్ళమ్మను చూసింది, నన్ను చూసింది.

“అమ్మా, నువ్వు సుత ఇట్లనే తయారైనవా?”

“దానికేంది బిడ్డా. పండుకొని పండుకొని పొద్దు పోతలేదు.”

“పొద్దు పోకుంటె లేసి నడువు.”

“నొస్తది.”

చుట్టాలు ఉన్నారని వనమాల చాయ్ పెట్టడానికి లేచింది. నేను సంచి తీసుకుని సజ్జ వైపు వెళ్ళాను. పెద్దవాళ్ళు ప్రేమతో తెచ్చింది వెనక్కి పంపితే బాగుండదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

మంచం కింది కట్టలకు కొంచెం చెమ్మ తగిలింది. హాల్లో ఈ గోడనుంచి ఆ గోడకు దారం కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు వేలాడదీశాను. వెనక గది తలుపు తీసే ఉంది. అత్తకు మంచం మీదనుంచి దగ్గరివి కనిపిస్తాయి, చివరివి కనిపించవు.

“అటు కొసకు ఎర్రగున్నది ఏంది బిడ్డా? జర ఇటు తే.”

నేను లేచాను. వనమాల నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“కాయితం నడువదమ్మా. చూడాలంటె నువ్వే రా.”

వనమాల వాకర్ తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి వచ్చేసింది. వచ్చి నా పక్కన నిలబడింది. ఇద్దరం కార్డుల వైపు చూస్తున్నట్టు నటించాం. చాలాసేపటికి మంచం కిర్రుమంది. వాకర్ టక్కుమంది. ఆగింది. “అవ్వో” అని ఒక మూలుగు. మళ్ళీ టక్కుమంది. వనమాల నా చేతిని వదల్లేదు. గోళ్ళు దిగుతున్నాయని ఆమెకు తెలియదు.

అత్త గుమ్మం దగ్గర ఆగి, దగ్గరి కార్డులు చూసి, ఊపిరి తీసుకుని, చివరిదాకా వచ్చింది. ఎర్రనిదాన్ని పట్టుకుని చూసింది. దారం లాగి చేసిన మందార పువ్వు.

“పువ్వా? నేను కోడిపుంజు అనుకున్న,” అంది నిరాశగా.

సాయంత్రం వనమాల నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.

“రేపటికి వేరేయి ఉన్నయా? ఇయ్యే ఉంటె మల్ల లేవది.”

“ఉన్నయ్. సజ్జ మీద మస్తున్నయ్.”

“దింపు.”

దింపుతుంటే వంటింట్లోంచి సన్నగా పాట వినిపించింది. వనమాల పాడుకుంటోంది. నిచ్చెన మీదే కాసేపు నిలబడిపోయాను.

నియమాలు రెండూ రద్దయ్యాయి. రద్దు చేసింది నేను కాదు.

ఫిబ్రవరి 25, బుధవారం

అత్త ఇప్పుడు రోజుకు చాలాసార్లు హాల్లోకి వస్తోంది. వాకర్‌కు ఆనుకుని కార్డులు తనే తీసి, తనకు నచ్చినట్టు మార్చి పెడుతోంది. నేను సంవత్సరాల వరసలో పెడతాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే పిట్టలన్నీ ఒకవైపు, పువ్వులన్నీ ఒకవైపు ఉంటాయి.

“అత్తా, ఇది చాలా పాతది. ముందుండాలె.”

“పాతదని పిట్టను పువ్వులల్ల పెడ్తవా? పిట్టలు పిట్టలకాడ ఉండాలె బిడ్డా. బెంగటిల్లుతయ్.”

వాదించాను. ఓడిపోయాను. హాలు ఆమెది, పెట్టెలు నావి అని ఒప్పందం. నన్ను నువ్వు అంటోంది. ఎప్పుడు మొదలైందో గమనించలేదు.

తర్వాత కుర్చీలో కూర్చుని అడిగింది.

“ఇయ్యన్ని పోస్టుల వచ్చినయేనా?”

“ఆ. పోస్ట్‌మన్ ఇంటి ముంగటికి వచ్చి, పేరు పిలిచి ఇస్తడు.”

“పేరు పిలిచి,” అని మెల్లగా అనుకుంది. “నా పేరు మీద ఎన్నడు ఒక్కటి రాలే. సదువు రానోళ్ళకు ఎవలు పంపుతరు తియ్యి.”

బాధగా అనలేదు. ఈసారి మిర్చి కాపు తక్కువ అన్నట్టు అంది, అంతే. నాకే దుకాణంలో కూర్చున్నా అది వదల్లేదు. ఇంతమంది చేసిన కార్డులు పోగేశాను. నేను ఒక్కటి చేసి చూడలేదు.

మార్చి 1, ఆదివారం

కార్డు చేస్తున్నాను. అత్తకు. చూసి చూసి చెయ్యి తిరిగే ఉంటుంది కదా, గంటలో అయిపోతుందనుకున్నాను.

మొదటిది: మిరపాకు పెట్టి బ్రష్షుతో నీలి సిరా. బ్రష్షు దువ్వెన మీద ఎటు గీస్తే దానికి ఎదురువైపు చిమ్ముతుందని తెలిసింది. కాగితం మీద రెండు చుక్కలు. మిగతాదంతా నా బనియన్ మీద, వంటింటి గోడ మీద.

వనమాల వచ్చి గోడ చూసింది. “గోడకు గుడ శుభాకాంక్షలా?”

రెండోది: రంగులో ముంచిన దారం. లాగితే పువ్వు రావాలి. బల్లి వచ్చింది.

మూడోది: పెన్సిల్ పొట్టు నెమలి. దుకాణంనుంచి పెన్సిళ్ళ పెట్టె తెచ్చి చెక్కీ చెక్కీ పొట్టు కుప్ప పోశాను. జిగురు రాయడం కూడా అయింది. ఉక్కగా ఉందని ఫ్యాన్ వేశాను. నెమలి ఇల్లంతా ఎగిరింది.

నాగేపల్లి మాస్తరుకు ఇవి పంపిన పిల్లలెవరో గాని, దండం పెట్టాలనిపించింది.

మానేశాను.

మార్చి 2, సోమవారం

మానలేదు. పొద్దున్నే మళ్ళీ మిరపాకు పెట్టాను. ఈసారి వచ్చింది. తెల్లటి ఆకులు, కొమ్మ, చుట్టూ నీలం. ఒక మూల జిగురు ఎక్కువై ఉబ్బింది. ఉండనీ.

లోపల రాయడానికి బొమ్మకన్నా ఎక్కువసేపు పట్టింది. శుభాకాంక్షలు అని రాస్తే ఆమెకు ఎవరో ఒకరు శుభాకాంక్షలు అని చదువుతారు. దాంతో ఆమెకు ఏం లాభం. చివరికి తోచింది రాసి, కవరు మీద మా ఇంటి చిరునామానే వేసి, పోస్టు డబ్బాలో పడేశాను.

మార్చి 6, శుక్రవారం

మధ్యాహ్నం. నేను అన్నం తింటున్నాను. గేటు దగ్గర పోస్ట్‌మన్ కేక.

“సత్తవ్వ. సత్తవ్వ ఎవరిక్కడ?”

నేను లేవలేదు. హాల్లో అత్త అటూ ఇటూ చూసింది. పిలిచింది తననే అని తెలియడానికి కాసేపు పట్టింది. వాకర్ అందుకుని లేచింది. గుమ్మం దాటింది. ఆపరేషన్ అయ్యాక బయటి గుమ్మం దాటడం ఇదే మొదలు. వరండాలో నిలబడి, కొంగు సర్దుకుని చెప్పింది.

“నేనే సత్తవ్వ.”

కవరును రెండు చేతులతో అందుకుంది. అక్కడే అరుగు మీద కూర్చుంది. నేను చేయి కడుక్కుని వచ్చాను.

“ఎవలు పంపిర్రు?”

“నేనే అత్తా.”

“ఇంట్ల ఉండుకుంట ఇంటికే పంపినవా?” నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కార్డు నా చేతికిచ్చింది. “సదువు.”

వనమాల చదువుతుందనుకుని రాశాను. వనమాల ఇంట్లో లేదు. నేను రాసింది నేనే ఆమె ముఖం ముందు చదవాల్సి వచ్చింది.

‘అత్తకు, మీరు నడిచిన రోజు వనమాల వంటింట్లో పాట పాడింది. మా ఇంట్లో ఆ పాట విని చాలా కాలమైంది. మీరు వచ్చి మా ఇల్లు బాగుచేశారు. ఉగాది మాతోనే చేసుకుని పోవాలి. మీ అల్లుడు కృష్ణకాంత్.’

అత్త గేటు వైపు చూసింది.

“మల్లొకసారి సదువు.”

చదివాను.

ఆమె కార్డు తీసుకుని బొమ్మను వేలితో తడిమింది. “మిర్పాకు. మంచిగనే వచ్చింది. ఈ మూలకు జిగురెక్కువైంది,” అంది. కళ్ళు తుడుచుకుని, “ఉగాది దాన్క ఉంట తియ్యి. మిర్చి బక్కయ్య చూసుకుంటడు.”

మార్చి 20, శుక్రవారం

నిన్న ఉగాది. ఇవాళ అత్త రేగుంట వెళ్ళిపోయింది. వాకర్ వదిలేసింది, చేతికర్ర ఒక్కటే. ఆటోదాకా తనే నడిచింది. వనమాల పక్కన నడిచింది గాని పట్టుకోలేదు.

నచ్చినవి ఎన్నైనా తీసుకెళ్ళమన్నాను. తన కార్డు ఒక్కటే సంచిలో పెట్టుకుంది. ఆటో ఎక్కాక నావైపు తిరిగి, “పైలం బిడ్డా” అంది. తలమీద కొంగు లేదు. మరిచిపోయిందో, అక్కర్లేదనుకుందో.

మార్చి 23, సోమవారం

కొత్తగా మొదలు. నిన్ననే అన్నీ మళ్ళీ వెనక గదిలోకి చేర్చాను. హాల్లో దారం విప్పాను. జనవరిలో ఉన్నవాటికి బక్కయ్య మామ సంచి, చుట్టాల పొట్లాలు, జెరాక్సులు కలిసి, గది తలుపు ఇప్పుడు పావు వంతే తెరుచుకుంటోంది. ఈసారి ఎవరూ చెప్పకముందే నేనే వనమాలతో అన్నాను, గది పూర్తిగా ఖాళీ చేసేస్తానని.

వనమాల బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

“అమ్మ ఆ కార్డు ఊరంతట చూపిచ్చుకుంట తిరుగుతున్నదట. వచ్చినోనితోని పోయినోనితోని సదివిపిస్తున్నదట. బక్కయ్య మామ ఫోన్ చేసి నవ్విండు. వంటింట్ల పాట పాడిన్నని రేగుంట మొత్తానికి తెలిసింది.”

“మంచిదే గద.”

“మంచిదే. నువ్వు విన్నవని నాకే తెల్వది.”

చాటలోంచి ఒక రాయి తీసి పక్కన వేసింది. మళ్ళీ ఏరుతూ అంది.

“మా అమ్మకు రాసినవ్. ఇన్నేండ్లల్ల నాకొక్కటన్న రాసినవా? పోస్టుల నాకొకటి వచ్చినంక గది సంగతి మాట్లాడుదాం. అప్పటిదాన్క ముట్టకు.”

దుకాణంలో కూర్చుని ఆలోచించాను. లెక్క చాలా సులువు. కార్డు ఎన్నాళ్ళు ఆలస్యమైతే గది అన్నాళ్ళు నాదే. నిదానంగా చేసుకోవచ్చు. బొమ్మ కుదరలేదనవచ్చు. సిరా లేదనవచ్చు.

మధ్యాహ్నం షట్టరు సగం దించేసి రాయడానికి కూర్చున్నాను. అత్తకు నాలుగు ముక్కలు ఎలాగో రాశాను. వనమాలకు మొదటి మాటే రాలేదు. బయట ఎవరో ఆధార్ కార్డు జెరాక్స్ కోసం షట్టరు తట్టి, తట్టి వెళ్ళిపోయారు. చివరికి ఇలా రాశాను.

‘వనమాలా, ఆ రోజు నేను నిచ్చెన మీద ఉన్నాను. నీ పాట అయ్యేదాకా దిగలేదు.’

ఇంకేదో రాయాలనుకున్నాను. అంతకన్నా రాలేదు. బొమ్మ కూడా వేయలేదు. కవరు అంటించి, మళ్ళీ మనసు మారకముందే పోస్టాఫీసుకు నడిచాను. డబ్బాలో అది కింద పడిన చప్పుడు వినిపించింది.

అది ఇంటికి వచ్చిన రోజునుంచి గది ఖాళీ చేస్తాను. నియమాలు మళ్ళీ అవే రెండు. ఈసారి పోస్ట్‌మన్ సెలవు పెట్టకపోతే బాగుండునని ఉంది.